భట్టిప్రోలు చుక్క

దీపక్‌కి, వైదేహికి పరిచయం కర్చీఫ్ గొడవతో మొదలైంది. బాపట్లలో సాయంత్రం రైలు ఆగీ ఆగకముందే అతను కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకున్నాడు. ఎక్కి చూస్తే ఆ కర్చీఫ్‌ని చక్కగా మడిచి చేత్తో పట్టుకుని ఒకమ్మాయి కూర్చుని ఉంది.

"అది నా సీటండి."

"ఏ రూల్ ప్రకారం?"

"కర్చీఫ్ వేశానుగా!"

"కర్చీఫ్ మీదేనండి, తీసుకోండి. సీటు మీదని ఏ రూలూ చెప్పట్లేదు."

రూల్స్ ఆమె వృత్తి. బాపట్లలో ఓ కాలేజీలో లెక్కలు చెబుతూ డిస్క్రిప్టివ్ సెట్ థియరీలో పరిశోధన చేస్తోంది. అదేంటని అడిగితే, "సంఖ్యల్ని గుంపులు చేయడం ఎవరైనా చేస్తారు. ఏ గుంపుని కచ్చితంగా వర్ణించి చెప్పగలం, అలా చెప్పగలిగిన గుంపు ఎంత బుద్ధిగా ఉంటుంది, అదీ మా గోల" అంది.

వరి విత్తనాల ల్యాబ్‌లో పనిచేసే దీపక్‌కి సగమే అర్థమైంది. ఆ సగంతోనే ఏడాదిగా తెనాలి దాకా ఆమె ఎదురు సీట్లో కూర్చుంటున్నాడు. తెనాలిలో ఆమె ఇంటికి పోతుంది, అతను రేపల్లె బండి ఎక్కి భట్టిప్రోలు చేరతాడు. మనసులో మాట మాత్రం గొంతు దాటలేదు. మంచివాడే, కాస్త నిదానం.

ఆ శనివారం ఆమె కూడా రేపల్లె బండి ఎక్కింది. బయట వాన దంచుతోంది.

"మీరేంటండీ ఇటు?"

"రేపల్లెలో మా సరోజత్త సంబంధం చూసింది. రేపు వాళ్లొస్తారు. అబ్బాయికి వంక పెట్టడానికేం లేదు. వద్దనడానికి నా దగ్గర కారణమూ లేదు."

దీపక్ "మంచిదండి" అన్నాడు. అంతకన్నా పనికిమాలిన మాట ఆ క్షణానికి దొరకలేదు.

వైదేహి అతన్ని ఓసారి చూసి, ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో గీత గీసింది. ఈ చివర తెనాలి, ఆ చివర రేపల్లె. మధ్య స్టేషన్లకి చుక్కలు పెట్టింది.

"నేను మీకు నేర్పిన గీత ఆట గుర్తుందా? మీరు గీతలో ఓ ముక్క ఉంచి మిగతాది చెరపాలి. అందులో నేను ఇంకా చిన్న ముక్క ఉంచుతాను. మళ్లీ మీరు. అసలైతే అనంతంగా ఆడాలి, మనం మీ ఊరొచ్చేదాకా ఆడదాం. చివరికి మిగిలిన ముక్కలో స్టేషన్ చుక్క ఉంటే మీరు గెలిచినట్టు, వట్టి గీతే ఉంటే నేను."

"నేను గెలిస్తే?"

"ఏడాదిగా మింగుతున్న మాట బయటపెట్టాలి. నేను గెలిస్తే రేపల్లె వెళ్లి సరే అనేస్తా."

అతను భట్టిప్రోలు చుక్క చుట్టూ జానెడు ఉంచాడు. ఆమె బెత్తెడు ఉంచింది. అతను రెండు వేళ్ల మేర ఉంచితే ఆమె వేలెడు ఉంచింది. వేమూరు దాటింది. చుక్క మాత్రం ప్రతిసారీ సరిగ్గా మధ్యలోనే ఉంది.

అప్పుడు వెలిగింది దీపక్‌కి. ఈ ఆట నేర్పిన రోజే ఆమె చెప్పింది: చుక్కలు లెక్కపెట్టగలిగినవైతే, ఎన్ని ఉన్నా సరే, వంతుకొక చుక్కని బయటికి తోసేస్తూ పోతే, చుక్క మిగలకూడదని ఆడేవాళ్లదే గెలుపు.

"వైదేహి గారూ, ఆ చుక్కని మొదటి వంతులోనే తోసేయొచ్చు కదండీ?"

"తోసేయొచ్చు."

"ఈ ఆటలో మీ వైపు ఆడేవాళ్లు ఓడిపోవడం కుదరదన్నారు?"

"గెలవాలనుకుంటే కుదరదన్నాను." ఆమె కిటికీ వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి.

దీపక్ అద్దం మీది చుక్క పక్కన వేలు ఆనించాడు. "మీరంటే నాకిష్టమండి. ఎందుకంటే మాత్రం చెప్పలేను."

"నిదానంగా వర్ణిద్దురుగాని, తొందరేం లేదు."

భట్టిప్రోలులో ఇద్దరూ దిగారు. వైదేహి ఫోన్ తీసింది. "అత్తా, వాళ్లని రావద్దను. కారణం దొరికింది."

"ఏంటే ఆ కారణం?"

వైదేహి పక్కకి చూసింది. అతను వానలో తడుస్తూ, తెరుచుకోని గొడుగుతో కుస్తీ పడుతున్నాడు.

"ఆ కారణం ఇక్కడే గొడుగు విప్పుతోందత్తా. వాళ్లమ్మ గారికి కనపడి, తర్వాతి బండికి వెంటబెట్టుకొస్తాను."