అత్త అడిగిన చీనీ

ఆదినారాయణ తెల్లారకముందే తోటకు పోయి, కాయల బుట్ట నెత్తికెత్తుకొని వచ్చేసరికి కోడలు వాకిట్లో ముగ్గు వేస్తోంది. ముగ్గు పొందికగానే ఉంది. ఆయన దాన్ని తొక్కకుండా ఓరగా నడిచి లోపలికి పోయాడు గానీ, బాగుందని ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల కాపురానికి వచ్చి వారం కూడా కాలేదు. ఆమె మీద కోపం మాత్రం ఏడాది కిందటిది.

"బుట్ట ఇలా ఇవ్వండి మామయ్యా, నేను దించుతాను," అంది దీప్తి వెంట వస్తూ.

"అక్కరలే."

"కాఫీ పెట్టనా?"

"తాగినా."

తాగలేదు. తోటలో కాఫీ ఎవరు పోస్తారు? ఆ సంగతి దీప్తికీ తెలుసు. ఇంకేమీ అనకుండా కాఫీ కలిపి తెచ్చి, స్తంభం పక్కన పెట్టి వెళ్లిపోయింది. అది అక్కడే చల్లారి మీగడ కట్టింది.

మరునాడు ఆయన భార్య వెంకటరమణమ్మ సంవత్సరీకం. పోయినవాళ్లకు ఇష్టమైనవి చేసి ఫోటో ముందు పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆమెకు అన్నింటికన్నా ఇష్టమైనది చీనీ మురబ్బా. బయటివాళ్లు బత్తాయి అంటారు గానీ పులివెందుల చుట్టుపక్కల అది చీనీయే. తొక్కను సన్నగా తరిగి, చేదు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి ఉడికించి, తొనలు కలిపి, ఆఖరున చక్కెర వేసి పాకంలో మగ్గబెట్టి సీసాలకెత్తితే ఏడాదంతా చెడదు. పక్కింటి సాజిదా దగ్గర నేర్చుకుందామె. కాపు వచ్చినప్పుడల్లా ఇద్దరూ కలిసి చేసేవాళ్లు. ఆదినారాయణ పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తూ, వాళ్ల మాటలు వింటూ, పని మొత్తం కళ్లతోనే నేర్చుకున్నాడు.

ఆయన కోపం కూడా ఆ చీనీ దగ్గరే మొదలైంది. పోయిన ఏడు ఇదే కాలంలో భార్యను ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చారు. కొడుకు మహేష్‌కు అప్పుడు భిలాయిలో ఉద్యోగం. పెళ్లి కూడా అక్కడే, అక్కడ స్థిరపడిన శ్రీకాకుళం వాళ్ల అమ్మాయితో అయింది. వాడికి సెలవు దొరకలేదు. పారాణి ఆరని పెండ్లాన్ని ముందు పంపించాడు. మామ తోటకూ ఆసుపత్రికీ తిరుగుతుంటే, మంచం పక్కన కూర్చున్నది ఈ దీప్తే. ఒక సాయంత్రం ఆదినారాయణ పోయేసరికి వెంకటరమణమ్మ చెప్పింది, "చీనీ కావాలని అడిగితే నీ కోడలు ఇయ్యనే లేదు," అని. బయట బండి మీద కొనుక్కొస్తానంటే వద్దంది. మన చెట్టు కాయే కావాలంది. ఆయన ఊరికి వచ్చి, పొద్దున్నే కాయలు కోసుకొని బస్సెక్కాడు. ముద్దనూరు దాటకముందే ఫోన్ వచ్చింది, ఆమె పోయిందని. ప్రొద్దుటూరులో దిగేటప్పుడు ఆ కాయల సంచిని సీటు కిందే వదిలేశాడు.

చావబోయే మనిషి నోరు తెరిచి ఒక కాయ అడిగితే ఇవ్వని చేతులు అవి. ఆ చేతి కూడు ఎట్లా తినేది? ఆయన ఈ మాట కొడుక్కి కూడా చెప్పలేదు. చెప్పి కడిగేసుకునే రకం కాదు, కడుపులో పెట్టుకొని కాలిపోయే రకం. కర్మ కాగానే వాళ్లు భిలాయి వెళ్లిపోయారు. ఇప్పుడు మహేష్‌కు జమ్మలమడుగు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం కుదిరింది. లారీలోంచి సామాను దించుతూ, "ఇంగ అందరం ఒకచోటనే నాయనా," అని సంబరపడ్డాడు. ఆ రోజే ఆదినారాయణ తన సంచి సర్దుకున్నాడు. సంవత్సరీకం కాగానే బ్రహ్మంగారిమఠం పోవడం, మళ్లీ ఈ గడప తొక్కకపోవడం. అంతవరకు తన అన్నం తానే వండుకుంటున్నాడు.

సాజిదా దొడ్డివాకిలి గుండా వచ్చి, వెంట తెచ్చిన గాజు సీసాలు దించి, తొక్కలు తరుగుతున్న ఆదినారాయణ ముందు చతికిలబడింది.

"ఏందన్నా, తొక్క తరుగుతాండావా, చెప్పులకు అట్టలు కోస్తాండావా? ఇంత మందమా?"

"నోరు కాదు, కత్తి ఆడించు."

"మా అక్క ఉన్నెప్పుడు నన్ను ఈ మాట అనుంటే తెలిసుండేది."

"అందుకే అనలేదు," అన్నాడాయన. పెదవి చివర నవ్వు లాంటిదేదో వచ్చి పోయింది.

వంటింటి గుమ్మంలో దీప్తి నిలబడి చూస్తోంది. సాజిదా తలెత్తింది. "రామ్మా, ఆడ నిలబడినావేంది పెండ్లిచూపులకు వచ్చినట్ల? కూచో. ఈ తొనల్లో గింజలు తియ్యి."

దీప్తి వచ్చి కూర్చుంది. ఆదినారాయణ తన పీట దూరం జరుపుకున్నాడు. సాజిదా అది చూసింది. ఆ పిల్ల నీళ్లకని లేచినప్పుడు గొంతు తగ్గించి, "మనిషేనప్పా, తేలు కాదు," అంది.

"నీకు తెలీదులే."

"తెలీదు గాబట్టే అడుగుతాండా."

ఆయన కత్తి పక్కన పెట్టాడు. గింజలు తీసిన తొనలు వెడల్పాటి పళ్లెంలో పోసి, ఈగలు వాలకుండా పైన గుడ్డ కప్పాడు. చక్కెర గిన్నె దాని పక్కనే ఉంది. సాజిదా సీసాలను వేడినీళ్లలో ఉడికించి ఎండలో బోర్లించడానికి పెరట్లోకి పోయింది. చేదునీళ్లు వంపేసిన తొక్కలు కొత్తనీళ్లతో పొయ్యెక్కాయి. ఇంతలో వసారాలోంచి మహేష్ కేక వినబడింది.

"నాయనా! ఈ సంచి ఏంది? పంచెలు, దుప్పటి, మందులు... యాడికి పోతాండావు?"

ఆదినారాయణ లేచాడు. చుట్టూ చూస్తే కోడలు తప్ప ఎవరూ లేరు. గత్యంతరం లేక ఆమె వైపు చూడకుండానే చెప్పాడు. "పొంగు రాంగానే ఆ చీనీ ఎయ్యి. కలబెడతా ఉండు. మూత పెట్టగాకు."

"అలాగే మామయ్యా!" అంది దీప్తి. మామ తనకొక పని చెప్పడం అదే మొదలు. ఆ సంతోషంలో మారు ప్రశ్న వేయలేదు.

వసారాలో మహేష్ సంచి ముందు నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు.

"మఠానికి," అన్నాడు తండ్రి.

"దర్శనానికా?"

"ఉండేదానికి."

"ఊర్లో నన్నేమనుకుంటారు? కోడలు అడుగుపెట్టిన వారానికే పెద్దాయన ఇల్లు ఇడిసిపాయ అనరా?"

"అననీ."

"దీప్తి ఏం తప్పు చేసిందో అదన్నా చెప్పు నాయనా. నువ్వు ఏరే కుండలో వండుకొని తింటాంటే, రోజూ నన్ను అడుగుతాంది, నేనేం చేసినానని. నేనేం చెప్పాల?"

"ఆమెకే తెలుసు."

"తెలిస్తే ఎందుకు అడుగుతాదప్పా?"

"తెలీనట్టు ఉండేదానికి శానా నేర్పు కావాల. అది ఉంది ఆ పిల్లకు."

మహేష్ ముఖం ఎర్రబడింది. సంచి ఎత్తి లోపలికి విసరబోయాడు. తండ్రి దాని చెవి పట్టుకున్నాడు. ఇద్దరూ చెరొక వైపు లాగుతుండగా పెరటి వైపునుంచి సాజిదా అరిచింది. "అయ్యయ్యో! అన్నా, బిన్నా రా! అంతా పాయ!"

ఆదినారాయణ వంటింట్లోకి వచ్చేసరికి పొయ్యి మీద పాకం బుడగలు లేస్తోంది. చక్కెర గిన్నె ఖాళీ. తొనల పళ్లెం మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది. ఆయన గరిటెతో ఒక తొక్క తీసి నొక్కి చూశాడు. తొక్క మెత్తబడకముందే చక్కెర పడితే ఇక అది ఉడకదు. ఎంతసేపు కాచినా తోలు నమిలినట్టే ఉంటుంది.

"చక్కెర ఎందుకేసినావు?"

"మీరే వేయమన్నారు కదా మామయ్యా. పొంగు రాగానే..."

"నేను చెప్పిందేంది, నువ్వు చేసిందేంది? చీనీ ఎయ్యమంటి. చీనీ!" గరిటె నేలకు కొట్టాడు. ఏడాదిగా అదిమిపెట్టింది ఒక్కసారిగా పొంగింది. "నీకు దానిమీద ఏం పగ? ఆ పొద్దు నా పెండ్లాం ఆసుపత్రిలో నోరు తెరిచి చీనీ అడిగితే ఇయ్యకపోతివి. ఈ పొద్దు ఆ సచ్చిపోయిన దానికి పెట్టేదాంట్లో కూడా ఎయ్యకపోతివి. ఇంకేం కావాల నీకు?"

వెనకే వచ్చిన మహేష్ గుమ్మంలో ఆగిపోయాడు. దీప్తి ముఖంలో నెత్తురు లేదు.

"ఎలా ఇస్తాను మామయ్యా?" అంది. తల దించలేదు. "అత్తయ్యకు షుగర్ అంతుంటే ఎలా ఇస్తాను? ఒక్క చెంచా కూడా పెట్టొద్దని డాక్టరుగారు నాకు మరీ మరీ చెప్పారు. అత్తయ్య నా చెయ్యి పట్టుకొని అడిగారు. నాకు ఏడుపొచ్చింది. అయినా ఇవ్వలేదు. ఇస్తే ప్రాణానికే ముప్పని..."

"చెంచా ఏంది? చీనీకి చెంచా ఏంది?"

"పంచదారకి చెంచా కాక మరేమిటి?"

సాజిదా మెల్లగా దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, చీనీ అంటే ఏందనుకుంటాండావు నువ్వు?"

"పంచదార. భిలాయిలో అందరూ అదే అంటారు. మా అమ్మ కూడా అంతే, చీనీ డబ్బా తీసుకురా అంటుంది."

"అల్లా!" సాజిదా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టీవీలో హిందీ సీరియళ్లు చూసే మనిషి, ఆమెకు చప్పున వెలిగింది. పళ్లెం మీది గుడ్డ తీసి ఒక తొన దీప్తి అరచేతిలో పెట్టింది. "ఇది తల్లీ. మా పక్క చీనీ అంటే ఇది."

దీప్తి దానివైపు చూసింది. "ఇది మోసంబి కదా."

మహేష్ గడప మీద కూలబడ్డాడు. "నేను కూడా ఆడ మోసంబి అనే అంటాంటి నాయనా. మన ఇంటి మాట ఈమెకు చెప్పాలని నాకు తోచనే లేదు."

దీప్తి గుప్పిట బిగుసుకుంది. తొన చితికి రసం మణికట్టు మీదుగా కారుతోంది. "కాయ అని ఉంటే..." అంది. "ఒక్కసారి చీనీ కాయ అని ఉంటే! ఆసుపత్రి గేటు ముందే బళ్లున్నాయి. పరిగెత్తుకొని వెళ్లి తెచ్చేదాన్ని." తర్వాత ఆదినారాయణ వైపు తిరిగి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "అత్తయ్య అలాగే అనుకొని పోయారా మామయ్యా? నేను కావాలనే ఇవ్వలేదని?"

ఆసుపత్రిలో ఆ సాయంత్రం ఆదినారాయణ కళ్లముందుకు వచ్చింది. చీనీ ఇయ్యలేదని చెప్పి వెంకటరమణమ్మ అక్కడితో ఆపలేదు. ఇంకా మాట్లాడింది. ఆయన మనసు మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది, తక్కినది విన్నా పట్టించుకోలేదు. మరుసటి పొద్దుకు మనిషే లేదు. ఏడాదంతా ఆయన మోసింది సగం మాటే.

"లేదు," అన్నాడు చివరికి. "నవ్వింది."

"నవ్వారా?"

"ఊ. నవ్వింది." ఆయన గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. "'ఎంత బతిమాలినా కరగలేదప్పా. ఏడ్సింది గానీ ఇయ్యలేదు. నీకు ఈ పిల్లే సరైన మొగుడు. బీపీ ఉన్నోడివి, ఉప్పు ఊరగాయ తినొద్దని చెప్పి చెప్పి నేను ఓడిపోతి. ఈ పిల్ల ఓడిపోదు. నా తర్వాత నిన్ను ఈమె చేతిలోనే పెడతా,' అనింది. ఆ మాట చెప్పి నవ్వింది."

దీప్తి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. సాజిదా ఆమెను దగ్గరికి లాక్కొని, "అక్కకు మనుషులు తెలుసు," అంది. "ఈయనకు చెట్లు తెలుసు, అంతే."

ఆదినారాయణ కొడుకు వైపు చూసి, "ఆ సంచి లోపల పెట్రా. మందులు ఈమెకియ్యి. ఏది ఎప్పుడు మింగాలో ఇంగ ఈమెనే చెప్తాది," అన్నాడు.

మహేష్ లేచి వెళ్లాడు.

ఆదినారాయణ బుట్ట దగ్గరికి లాక్కున్నాడు. అడుగున ఇంకా కాయలున్నాయి. ఒకటి తీసి, తొక్క వొలిచి, పీట మీద పెట్టి సన్నగా తరిగాడు. తర్వాత కత్తి తిప్పి, పిడి కోడలి వైపు చాచాడు.

"రామ్మా. రేపటికి మళ్లీ చేస్తాం. ఈసారి నువ్వు తరుగు."

కొత్త తొక్కలు పొయ్యెక్కి, చేదునీళ్లు పోయి, మెత్తబడేసరికి ఎండ పెరట్లోకి దిగింది. దీప్తి తొనలు వేసింది. ఆయన తలూపాకే చక్కెర పోసింది. పాకం తీగ సాగుతుంటే కలబెడుతూ, ఉన్నట్టుండి మళ్లీ వెక్కింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

"ఏడ్సింది సాల్లేమ్మా," అన్నాడు ఆదినారాయణ. "దాంట్లో నీళ్లు పడితే నిలువ ఉండదు."

దీప్తి ఏడుపులోనే నవ్వింది. ఆయన మాత్రం ఆ మాట అంటూనే పీట మీంచి లేచి, ముఖం గోడ వైపు తిప్పుకొని, పొయ్యికి దూరంగా పోయి నిలబడ్డాడు.