పచ్చరంగులో దాక్కున్న ఎర్ర లైను

"క్యాలెండర్లు కావాలా తమ్ముడూ? బైబిల్ వాక్యాలున్నవి."

బంద్‌తో బోసిపోయిన తార్నాక బస్‌స్టాపులో తెల్లచొక్కా పెద్దమనిషి అడిగాడు.

"పోయినేడుదే ఇంక చింపలే సార్."

కోడ్ సరిపోయింది. పెద్దమనిషి చర్చి మనిషి వేషంలో ఉన్న చీఫ్ ఆనందరావు. జవాబిచ్చినవాడు ఏజెంట్ రాజలింగు. రెండేళ్ళుగా ఎంసీఏ విద్యార్థి వేషంలో క్యాంపస్ హాస్టల్లో మకాం. ఇంటిల్లిపాదిలో డిగ్రీ మొహం చూసిన మొదటివాడు గనక, వేషమే అయినా పరీక్షలన్నీ చదివే రాశాడు.

"విదేశీ ముఠా మౌలాలి యార్డు సిగ్నల్ ప్రోగ్రామ్‌లో ఒక లైను దూర్చింది," అన్నాడు చీఫ్. "పన్నెండింటికి గూడ్స్‌కి గ్రీన్ సిగ్నల్ పడుతుంది. బండి వచ్చేది మీ క్యాంపస్ వెనక పట్టాల మీదికి."

రాజలింగు పట్టాల వైపు తిరిగాడు. అక్కడ విద్యార్థుల రైల్ రోకో, పట్టాల మీదే బైఠాయింపు. నాలుగొందల మంది. ముందు వరసలో రూమ్మేట్ వీరస్వామి.

"ఉరికిపోయి లేపుత సార్."

"ఎవరు లేస్తారయ్యా? సర్కారు మనిషివని నిన్నే తంతారు. ఫోన్లు జామ్, రోడ్లు బంద్. యార్డు కంప్యూటర్‌కి కనెక్షన్ ఉన్నది మన ఇంకో ఏజెంట్ మనీషా ఒక్కదానికే. ఆ లైను పట్టుకుని తీసెయ్, ఆమె యార్డుకి పంపుతుంది."

చేతికిచ్చిన బాల్‌పెన్ క్యాప్ కింద ఆ ప్రోగ్రామ్ ఉన్న పెన్‌డ్రైవ్ ఉంది.

ల్యాబ్‌లో ఫైలు తెరిచాడు. పదకొండు వేల లైన్లు, అన్నీ నల్లక్షరాలే. ఉన్న ఆయుధమల్లా ప్రాజెక్టు కోసం తను రాసుకున్న, ప్రోగ్రాములు తెరిచి దిద్దే టెక్స్ట్ ఎడిటర్. దానికి రంగులు నేర్పితే? యంత్రం పాటించే ఆజ్ఞలు ఎరుపు. యంత్రం పట్టించుకోని కామెంట్లు, అంటే ప్రోగ్రామర్లు తమకోసం రాసుకునే గమనికలు, పచ్చ.

గంటలో రాశాడు. ఒక్క కీ నొక్కాడు. ఆ ఒక్క అక్షరానికి పదకొండు వేల లైన్లకూ మళ్ళీ రంగు వేయబోయి ఎడిటర్ బిగుసుకుపోయింది. బయట బాష్పవాయు గోళాలు పేలుతున్నాయి. కళ్ళు మండుతున్నాయి. స్క్రీన్ కదలదు.

ఎడిటర్ మూసి, మళ్ళీ రాశాడు. కనిపిస్తున్న లైన్లకే రంగు. ఈసారి పరుగు తీసింది. 7214వ లైను ఎర్రగా మెరిసింది: సిగ్నల్ నాలుగు, గ్రీన్.

"అదే! తీసెయ్." నల్లకళ్ళద్దాలు, లిప్‌స్టిక్, చేతిలో జామర్లకు లొంగని డేటాకార్డు. వెనక నిలబడింది గెస్ట్ లెక్చరర్ వేషంలో ఉన్న మనీషా.

గడియారం 11:54.

వేలు కీ మీద ఆగింది. స్క్రీన్‌కు పైన ఏముందో ఎడిటర్ చూడనేలేదు కదా! పైకి జరిపాడు. నలభై లైన్ల పైన కామెంట్ మొదలైంది. అంటే ఇది యంత్రం పట్టించుకోని గమనికలోదే; ఈ ఎర్ర లైను ఉత్త ఎర.

ప్రతి లైను చివరా కామెంట్ ఇంకా తెరిచే ఉందా, ముగిసిందా అన్న గుర్తును ఎడిటర్ దాచుకునేలా మార్చి, మొదటి లైను నుంచి ఒక్కసారి నడిపించాడు. 11:58. 'పాత నోట్సు, ముట్టుకోవద్దు' అన్న పచ్చని పేరా మధ్యలో కామెంట్ గుట్టుగా ముగిసి, ఒక్క లైను ఎర్రబడింది. తీసేశాడు.

"పంపండి మేడమ్."

మనీషా డేటాకార్డును గుప్పిట్లో మూసింది.

"మీరు ఎవల మనిషి మేడమ్?"

"రెండు వైపులా జీతం తీసుకుంటాను."

రాజలింగు దగ్గర తుపాకీ లేదు, ఉన్నా ఆమె పాస్‌వర్డ్ తెలీదు. "పట్టాల మీద మా వీరస్వామి ఉన్నడు మేడమ్. నాలుగొందల మంది ఉన్నరు," అన్నాడు. చేతనైంది అంతే.

ఆమె కళ్ళద్దాలు తీసింది. "బండి ఖాళీ యార్డులోకే వెళ్తుందన్నారు నాతో."

డేటాకార్డు గుచ్చి, పాస్‌వర్డ్ కొట్టి, పంపింది. 11:59.

"ఫీజు కింద ఈ ఎడిటర్ కాపీ ఒకటివ్వు. మావాళ్ళు ఇంకా నల్లక్షరాల్లోనే కళ్ళు పోగొట్టుకుంటున్నారు."

ఇచ్చాడు. పట్టాల వైపంతా పోలీసులే; పనిచేసిందో లేదో తెలిసే వీలు లేదు. హాస్టల్ మెట్ల మీద కూర్చున్నాడు. ఒంటిగంట. రెండు. మూడు కావస్తుండగా ప్యాంటు నిండా కంకర దుమ్ముతో వీరస్వామి వచ్చాడు.

"ఒక్క బండి రాలే. ఊకెనే ఎండల మాడినం. నువ్వేం జేసినవ్‌రా పొద్దంత?"

"ఎడిటర్ల రంగులేసిన."

"థూ! గాడ మేం పట్టాల మీద కూసుంటే, నువ్వు గీడ రంగులేసుకుంట కూసున్నవా!"