ఎత్తిన తాళి

"నీ డబ్బాకు ఏ రోగం లేదు నర్మదా. సూడు, ఎంత మంచిగ ఉరుకుతుందో!"

"అంటే నేను అబద్ధమాడుతున్ననా?"

"నేనన్లే. డబ్బా అంటుంది," అన్నాడు సంగమేశ్.

నారాయణఖేడ్‌లో సగం పెళ్లిళ్ల వీడియోలకు ఎడిటింగ్ నర్మదే. అవన్నీ ఇంట్లో ఓ సర్వర్ డబ్బాలో, హార్డ్‌డిస్కుల మీద భద్రంగా ఉంటాయి. ఈమధ్య ఆ డిస్కులు ఫైళ్లు చదవడానికి మొరాయిస్తున్నాయి. తెర మీద మనూర్ ఊరి పెళ్లికొడుకు తాళి ఎత్తాడంటే, ముడి వేసేలోపు నర్మద కూర తాలింపు పెట్టి రావచ్చు.

డబ్బా అమర్చింది బస్ డిపో దగ్గర కంప్యూటర్ దుకాణం నడిపే సంగమేశే. అతను గుమ్మంలో అడుగు పెడితే చాలు, డిస్కులకు ఎక్కడలేని బుద్ధీ వచ్చేస్తుంది. కేబుల్ మార్చాడు, డిస్కులు మార్చాడు. అతను గేటు దాటగానే పెళ్లికొడుకు మళ్లీ తాళి ఎత్తి నిలబడేవాడు.

"ఇయ్యాల్టితోని ఆఖరు," అన్నాడు నర్మద తండ్రి బాలప్ప, చేతుల పిండి దులుపుకుంటూ. "బాగుకాకుంటే అమ్మేస్త. మాటిమాటికి గీ పోరడు ఇంటికొస్తుంటే నలుగురేమంటరు?"

డబ్బా పోతే పని పోతుంది. సంగమేశ్ రావడమూ పోతుంది. ఏది ముందు గుర్తొచ్చిందో నర్మద ఎవరికీ చెప్పదలచుకోలేదు.

తల్లి అమృతమ్మ చాయ్ తెచ్చింది. "నువ్వొస్తేనే ఉరుకుతది బిడ్డా. నీ కాలు మంచిది."

సంగమేశ్ కప్పు పట్టుకుని గోడకేసి చూశాడు. గోడ అవతల బాలప్ప జొన్నలు పట్టే గిర్ని. ఇంటికొచ్చిన చుట్టం చాయ్ తాగి పోయేదాకా గిర్ని ఆపడం బాలప్ప పాటించే మర్యాద.

"నా కాలు కాదు అత్తమ్మా, గిర్ని." నిన్నటిదాకా ఆమె ఆంటీ. "అది తిరిగితే గోడ వణుకుతది, డబ్బా వణుకుతది, డిస్కులు సదవలేవు. నేనొస్తే మీరు బంద్ పెడ్తరు."

"ఎప్పుడెరుకైంది నీకు?" అన్నాడు బాలప్ప.

"రెండోసారి వచ్చినప్పుడే."

"మరి చెప్పవేంది?"

"చెప్తే మళ్ల పిలుస్తరా?"

"నాకు మొదటి రోజే తెల్సు," అంది నర్మద, నేలకేసి చూస్తూ.

బాలప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "డబ్బా గీ ఇంట్ల ఉండొద్దంటరు, గంతే గద?"

"డబ్బా పోతే, దాని మీద పనిచేసే పిల్ల?" అంది అమృతమ్మ.

"మా ఇంట్ల గిర్ని లేదు," అన్నాడు సంగమేశ్ గబగబా. "మిక్సీ ఉంది. అది గూడ బంద్ పెట్టిస్త."

బాలప్ప బయటికి నడిచాడు. మరుక్షణం గిర్ని గడగడమంది. సంగమేశ్ చాయ్ ఇంకా సగం కూడా కాలేదు.

"మామకు కోపమొచ్చిందా?" అని అరిచాడు.

"కోపం లేదు, ఏం లేదు!" అంతకంటే గట్టిగా అరిచింది నర్మద. "ఇంటోనికి గిర్ని ఎవరాపుతరు?"

తెర మీద మనూర్ పెళ్లికొడుకు తాళి ఎత్తి ఆగిపోయాడు. ఈసారి అతన్ని ఎవరూ తొందరపెట్టలేదు.