గంపలో తెల్ల గుడ్డు

సమ్మెకు బస్సులు బందైన ఏడు. ఎల్లారెడ్డి అవతల మా ఊర్లె వరి పొట్ట మీదున్నది.

నా బిడ్డ మహేశ్వరికి రెండు కడుపులు నిలువలేదు. మూడోసారి నిలిచిందని తెలిసినంక నా దగ్గరికే తెచ్చుకున్న. ఆ పొద్దు ఆమె పెనిమిటి సుందర్ ఆటో మాట్లాడి కామారెడ్డికి స్కానింగుకు తోలుకపోయిండు. నేను ఇంటికాడనే ఉన్న.

వెనుక అర్రల కోడి గంపల పొదుగుతున్నది. ఆ అర్రకు కిటికీ లేదు. వడ్ల వాసన, ఈకల వేడి వాసన. కప్పు మీద పగిలిన పెంకు సందు నుంచి ఎండ సన్నగ కడ్డీ లెక్క దిగుతది. ఆ ఎండకు గుడ్డు పట్టి చూసుడు పక్కింటి సాలవ్వ నేర్పింది. పొదగవెట్టిన నాలుగైదు రోజులకు లోపల ఎర్రటి దారాలు సాలెపురుగు కాళ్ల లెక్క పాకుతయి. నడుమ నువ్వు గింజంత చుక్క. అది దుంకుతనే ఉంటది.

“అదే గుండె,” అంటది సాలవ్వ. “కన్ను లేకముందు, ముక్కు లేకముందు, మొదలు గదే.”

గంపల ఒకటి తెల్ల గుడ్డు. కోడికి అక్కడే పెట్టుడు అలవాటు కావాలని దుకాణంల కొని తెచ్చి ముందుగాల నేనే ఉంచిన. తీసుడు మర్చిన. సాలవ్వ చూసి నవ్వింది.

“దీన్ని పెట్టిన కోడి పుంజు మొఖమే చూడలేదు గద గంగా. వందేండ్లు పొదిగినా నీళ్లే.”

మధ్యాహ్నం మహేశ్వరి ఆటో దిగి చెప్పులతోనే అరుగు మీద కూసున్నది.

“గుండె కనవడ్తలేదంట అమ్మ. వారం ఆగి రమ్మన్నరు. అప్పుడు గూడ లేకుంటే తీసేస్తరంట.”

నలుగురిల ఏడ్వాలంటే సిగ్గు నాకు. అర్రలకు పోయి తలుపు దగ్గరేసిన.

చేతులు ఊకుండక ఒక గుడ్డు తీసి ఎండకు పట్టిన. దారాలున్నయి. చుక్క కదుల్తలేదు. ఇంకోటి తీసిన. అదీ అంతే. పొద్దుగాల దుంకినయే... ఒక్కొక్కటి అన్నీ చూసిన. అన్నీ ఆగినయి. వెచ్చగనే ఉన్నయి. కోడి మీదనే ఉన్నది. మరి ఎందుకాగినయి?

తెల్ల గుడ్డు మిగిలింది.

ఎండకు పట్టిన. దారం ఒక్కటి లేదు. నీళ్లల్ల వట్టి చుక్క. దుంకుతున్నది. జోరుగ... నా వేళ్లకు తెలుస్తున్నది. ఆ చీకట్ల సప్పుడు గూడ ఇనవడ్తున్నది.

కోడి దిగ్గున లేచి తలుపు సందుల నుంచి ఉరికింది.

“అమ్మ.”

వెనుక మహేశ్వరి. ఎప్పుడొచ్చిందో.

“ఇటియ్యి.”

“వద్దు బిడ్డ. ఇది మంచిగ లేదు. పలగ్గొడ్త.”

“నాకు ఇనవడ్తున్నది అమ్మ. ఇటియ్యి.”

పలగ్గొడ్దామని చెయ్యి లేపిన. లేపిన చెయ్యి దిగలే. ఎంతైనా అది గుండె...

మహేశ్వరి నా చేతిల నుంచి తీసుకున్నది. కొంగు జరిపి కడుపుకు ఒత్తుకున్నది. కండ్లు మూసింది. సప్పుడు ఆగింది.

“ఇగో,” అని గుడ్డు నాకు తిరిగిచ్చింది.

మల్ల ఎండకు పట్టి చూసిన. పచ్చ సొన. తెల్ల నీళ్లు. చుక్క లేదు.

వారానికి ముగ్గురం కామారెడ్డి పోయినం. ఆటోల మహేశ్వరి నా చెయ్యి పట్టుకొని కూసున్నది. ఆమె చెయ్యి సల్లగున్నది. బుగులుకు, భయానికి గట్లయిందేమో అనుకున్న.

డాక్టరమ్మ మిషన్ల సప్పుడు పెట్టింది. కడుపుల గుండె గుర్రం ఉరికినట్టు కొట్టుకుంటున్నది. సుందర్ కండ్లు తుడుసుకున్నడు. నేను గూడ దండం పెట్టిన.

తర్వాత నర్సు బీపీ చూస్తనని మహేశ్వరి చేతికి పట్టీ చుట్టింది. గాలి కొట్టింది. చెవులల్ల గొట్టాలు తీసి మల్ల పెట్టుకున్నది. “కరాబైనట్టున్నది,” అని ఇంకో మిషన్ తెచ్చింది. దాన్ని గూడ పక్కకు పెట్టి మణికట్టు పట్టి నాడి దేవులాడింది. అవతలి మణికట్టు పట్టింది. ఆఖరికి దవడ కింద మెడకు రెండు వేళ్లు ఆనిచ్చి అట్లనే నిలవడ్డది...

మహేశ్వరి నవ్వుకుంట నా దిక్కు తిరిగింది.

“ఇనవడ్తుందా అమ్మ, ఎంత జోరుగున్నదో.”

నర్సు నా మొఖం చూసింది. వేళ్లు తియ్యలేదు.