పెద్ద తెర మీద పెళ్లికూతురు

ఆదివారం పొద్దున. యర్రగొండపాలెంలో పద్మావతి ఇంట్లో పొయ్యి మీద ఉప్మా అడుగంటుతోంది. ఆమె మాత్రం కూతురు స్వర్ణలత వెనక నిలబడి, మెడ మీద శ్రద్ధగా క్రీము రాస్తోంది.

జుట్టు కింద, వీపు మీదికి దిగేచోట, అరచేయంత తెల్లమచ్చ. పిల్ల అయిదో తరగతిలో ఉన్నప్పుడు వచ్చింది. ఏ ప్రమాదమూ లేదు, ఎవరికీ అంటదు అని డాక్టర్లు చెప్పారు. అయినా పద్మావతి దాన్ని ఒక్కరి కంట పడనీయలేదు. ముందు ఒంటిరంగు క్రీము, దాని మీద పౌడరు, దాని మీద జడ. ఇప్పుడా పిల్ల బీయీడీ చేసి, స్కూల్లో లెక్కలు చెబుతోంది. వచ్చే నెలలో పెళ్లి.

“ఇంక చాలు మా, బస్సు పోతాది.”

“ఈ పొద్దంతా మీ అత్త పక్కనే ఉంటాది. జడ ముందుకు వేసుకోవాకు. చెమట పట్టినా తుడుచుకోవాకు.”

“ఇట్ల ఎన్నాళ్లు?”

“పెళ్లయ్యేదాకా.”

“పెళ్లయినాక?”

పద్మావతి వినబడనట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది.

మార్కాపురంలో ఒక ఫంక్షన్ హాల్లో ఆ రోజు బ్రైడల్ షో. చీరలు, నగలు, వంటలు, పూల అలంకరణ, ఫోటోలు, అన్నీ ఒకే కప్పు కింద. కాబోయే వియ్యపురాలు కాశమ్మ హనుమంతునిపాడు నుంచి మొదటి బస్సుకే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది.

“పొద్దున్నే అయితే అంగళ్లోళ్లు తీరిగ్గా మాట్లాడతారు వదినా. మధ్యాహ్నం దాటినాక మన మొగం గూడా చూడరు,” అంది. “ఒక్కటే మాట, ఈ పొద్దు ఏదీ ఖాయం చేయొద్దు. అడగాల, చూడాల, ఫోటో తీసుకోవాల. ఇంటికి పోయి తేల్చుకోవాల.”

అన్నట్టే ఏ దుకాణాన్నీ వదల్లేదు. వంటవాళ్ల దగ్గర లడ్డు రుచి చూసి, “ఒక్కదాంతో ఏం తెలుస్తాది, ఇంకోటి పెట్టు నాయనా,” అని అడిగింది. పట్టుచీరను బల్బుల వెలుగులో నమ్మనని గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూసింది. పూలవాళ్లను మండపం ఎన్ని గంటలు వాడకుండా ఉంటుందో నిలదీసింది. స్వర్ణలత ఆమె వెంట నవ్వుతూ తిరుగుతుంటే పద్మావతికి కూడా కొంచెం గుండె కుదుటపడింది.

ఇంతలో మైకులో వినపడింది. “ఉచిత బ్రైడల్ మేకప్‌కు ఎంపికైన పెళ్లికూతురు, స్వర్ణలత! స్టేజీ మీదికి రావాలి!”

“నేనే పేరు రాసి లక్కీ డ్రా పెట్టెలో వేసినా!” కాశమ్మ చప్పట్లు కొట్టింది.

పద్మావతి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “వద్దు వదినా. దానికి పొద్దున్నుంచీ తలనొప్పి...”

“ఊరికే వచ్చేదాన్ని పోగొట్టుకుంటామా? పో పిల్లా, పో!”

స్వర్ణలత తల్లి వైపు ఒక్కసారి చూసి మెట్లెక్కింది.

ఏంజెల్ అనే బ్యూటీషియన్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. పక్కనే కెమెరా. అది చూపేదంతా వెనక పెద్ద తెర మీద కనబడుతోంది. ఒక కన్ను దిద్దింది. ముడి ఎట్లా వేస్తారో చూపిస్తానంటూ జుట్టంతా పైకెత్తి, తడిగుడ్డతో మెడ మీద చెమట తుడిచింది.

తెర మీద మచ్చ మనిషెత్తున తెల్లగా బయటపడింది.

వెనక వరసలో ఎవరో “బొల్లి” అన్నారు. కాశమ్మ చేతిలో సంచి జారి కిందపడింది. ఆమె నోరు తెరిచి తెరనే చూస్తోంది. ఏంజెల్ గుడ్డ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

పద్మావతి కాశమ్మ చెయ్యి పట్టుకుని పక్కగదిలోకి లాక్కుపోయింది.

“ఏంది వదినా ఇది?” కాశమ్మ చెయ్యి విదిలించుకుంది. “ఇంతమందిలో నాకు తెలియాల్నా?”

“తప్పయింది. చెబితే సంబంధం పోతాదని...”

“నా కొడుకును మోసం చేస్తారా మీరు?”

“ఆయనకు తెలుసు అత్తా.”

గుమ్మంలో స్వర్ణలత. ఒక కంటికి కాటుక, రంగులు. ఇంకో కన్ను ఉత్తది.

“చూసేదానికి వచ్చిన రోజే పెరట్లో చెప్పినాను. జడ తీసి చూపించినాను.”

పద్మావతి కూతుర్ని కొత్తమనిషిని చూసినట్టు చూసింది. “నాకు చెప్పకుండానా?”

కాశమ్మ అప్పటికే ఫోను తీసింది. కొడుకు వంశీ పలకల ఫ్యాక్టరీలో పనిలో ఉన్నాడు. మిషన్ల మోతలో సరిగ్గా వినపడక ఆమె స్పీకర్ పెట్టింది.

“నీకు ముందే తెలుసా రా?”

అవతల కాసేపు మిషను మోత. “తెలుసు మా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“భయమేసింది.”

“నేనంటేనా? కన్నతల్లి అంటే భయమా?”

“గిద్దలూరు సంబంధం గుర్తుందా? ఆ పిల్ల కాలు కొంచెం ఈడుస్తాందని వాకిట్లోనే, అందరూ వింటాండగా ‘కుంటిదాన్ని అంటగడతారా’ అన్నావు. తలుపు చాటున ఆ పిల్ల ఏడ్చింది. నేను చూసినా మా. ఈ పిల్ల కూడా అట్ల ఏడిస్తే నేను తట్టుకోలేను.”

కాశమ్మ ఫోను దించేసింది. ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది.

“నేనన్నది నిజమే,” అంది చివరికి. “అని బస్సెక్కినా, ఇంటికొచ్చి అన్నం తిన్నా. ఆ పిల్ల విన్నదని కూడా తెలీదు.” కొంగుతో కళ్లు అద్దుకుంది. “మీరు చెప్పింటే వద్దనేదాన్నే వదినా. నేనెందుకు అబద్ధం చెప్పాల? నా నోటికి భయపడి కొడుకూ దాచినాడు, మీరూ దాచినారు. ఇంత చెడ్డదాన్నా నేను?”

“మీ ఒక్కరి వల్లే కాదత్తా.” స్వర్ణలత తల్లి చేతులు పట్టుకుంది. “మా, రోజూ నువ్వు రాస్తాంటే నా బాగుకే అనుకునేదాన్ని. కానీ నువ్వు దాచేకొద్దీ నేనేదో తప్పు చేసినట్టే ఉండేది. స్నేహితురాళ్లతో చెరువుకు గూడా పోలేదు నేను.”

బిడ్డను లోకం నుంచి కాపాడుతున్నాననే అనుకుంది పద్మావతి ఇన్నేళ్లూ. ఆ చేతులతోనే కూతురి తలను గుండెకు అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏంజెల్ తలుపు దగ్గర తచ్చాడింది. “అక్కా, ఒక కన్నే అయింది. మిగతాది... మెడకు ఏమన్నా రాయమంటారా?”

పద్మావతి బదులు చెప్పబోయి ఆగింది. ఆమే, కాశమ్మా స్వర్ణలతనే చూశారు.

“ఏం రాయొద్దక్కా. ముడి పైకే వేయి.”

ముగ్గురూ మళ్లీ హాల్లోకి వచ్చారు. స్వర్ణలత నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చుంది. తెర మీద మెడ కనబడగానే వెనక గుసగుసలు లేచాయి. ముందు వరసలో కూర్చున్న కాశమ్మ లేచి వెనక్కి తిరిగింది.

“మా కోడలు. ఏం కావాల మీకు?”

గుసగుసలు ఆగిపోయాయి. పద్మావతి చుట్టూ ఎవరు చూస్తున్నారో చూడలేదు. తలెత్తి కూతుర్నే కళ్లారా చూసుకుంది.