ఇరవై సెకన్ల వెనక

కెనడాలోని కనాటాలో మనవాళ్ల హాబీ కంప్యూటర్ క్లబ్బు కూడే బేస్‌మెంట్‌లో, ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ పక్కన ఒక మూల ఉంది. కెమెరా స్టాండు పెట్టేది అక్కడే. ఆ మూల మంచిది కాదంటారు.

క్లబ్బు మీటింగులు లైవ్‌లో పెడతారు కదా... వాటిలో ఉన్నట్టుండి ఓ ఆడగొంతు వస్తుందట. "ఒక్క మాట..." అంటుందట. గదిలో కూర్చున్న పద్నాలుగు మందికీ వినపడదు. ఎక్కడో దూరాన సర్రీలోనో స్కార్‌బరోలోనో సోఫాలో కూర్చుని చూసేవాళ్లకి మాత్రం వినపడుతుంది!

"అది పద్మగారే," అనేవాడు సెక్రటరీ కేశవరావు, టీ ఊదుకుంటూ. "ఆరేళ్లు ఆ మూల నిలబడి వీడియోలు తీసింది పాపం. పోయినా ఆ చోటు వదల్లేదు."

ఎలా పోయింది, ఎప్పుడు పోయింది అంటే మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఆ మూలలోకే అనిత వచ్చింది.

గరాజ్ సేల్‌లో కొన్న నలభై ఏళ్లనాటి కంప్యూటర్‌ని మూడు చలికాలాలు కూర్చుని బాగుచేసింది. నలుగురికీ చూపిద్దామని క్లబ్బులో చేరింది. ప్రెసిడెంటు విశ్వనాథంగారు చేతిలో కెమెరా పెట్టాడు. "ఆడవాళ్ల చెయ్యి నిలకడగా ఉంటుందమ్మా. నీ మెషీను వచ్చే నెల చూద్దాం."

అలాంటి వచ్చే నెలలు పదకొండు గడిచాయి. పన్నెండో నెలలో మెషీను చూపించే రోజు వచ్చింది. చూపించేది మాత్రం విశ్వనాథంగారట. "నువ్వు కెమెరా దగ్గర లేకపోతే ఎలాగమ్మా?" అన్నాడు. వారం ముందే మెషీను తన ఇంటికి పట్టుకెళ్లాడు... చిన్న చిన్న మెరుగులు దిద్దడానికి.

నవంబరు రెండో శనివారం. ఐదింటికే చీకటి. బయట మంచు రాలుతోంది. అనితకి జలుబు, బుగ్గన గొంతు బిళ్ల. ఒక చెవి గదికి వదిలేసి, రెండో చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. అందులో ఫోన్‌లో వచ్చే లైవ్ వింటుంది, బయటివాళ్లకి ఏం వినపడుతోందో తెలియాలిగా. గదిలో అన్న మాట అందులోకి రావడానికి ఇరవై సెకన్లు పడుతుంది. కెమెరాలు రెండు. ఒకటి బల్లమీద తెరిచిపెట్టిన మెషీను బోర్డును లైవ్‌లో చూపిస్తుంది. రెండోది, మైకు ఉన్నది, అనిత పక్కనే నిలబడి విశ్వనాథంగారిని మెమరీ కార్డులోకి రికార్డు చేస్తుంది; లైవ్‌కి మాట వెళ్లేదీ ఆ మైకు నుంచే.

"ఇది మన క్లబ్బు మూడేళ్ల శ్రమ," అని మొదలుపెట్టాడాయన.

అనిత లైవ్ నడిపే లాప్‌టాప్ మీదికి వంగింది. తెరమీద బోర్డు బొమ్మను పెద్దది చేసి చూసింది. 

కొత్త కెపాసిటర్, కరెంటు నిలవుంచే చిన్న డబ్బీ. ఆయన మార్చిందే. దాని తెల్ల గీత మైనస్ వైపు ఉండాలి. ప్లస్ వైపు ఉంది. కరెంటు తగిలితే పేలుతుంది... బోర్డు కాలిపోతుంది. మూడు చలికాలాలు పొగైపోతాయి.

చెప్పాలి. కానీ ఎప్పట్లాగే, ఆయన మాటకి అడ్డం వెళ్లడం ఎలా?

విశ్వనాథంగారు తన చిన్ననాటి రేడియో కథలోకి వెళ్లాడు.

అప్పుడు... హెడ్‌ఫోన్‌లో... టక్‌మని చిన్న చప్పుడు.

"ఒక్క మాట... ఆ గీత తిరగబడింది."

ఆడగొంతు. బొంగురుగా, చెవిలో పెదవులు పెట్టి చెప్పినట్టు.

అనిత వెనక్కి తిరిగింది. ఫర్నేస్ తప్ప ఏమీ లేదు.

లైవ్ చాట్‌లో సర్రీ నుంచి చాందిని రాసింది: "అమ్మో, వచ్చింది!"

"అందరూ నాతోపాటు లెక్కపెట్టండి!" అన్నాడు విశ్వనాథంగారు, స్విచ్ మీద వేలుపెట్టి. "పది... తొమ్మిది..."

గదంతా అందుకుంది.  నేలమీద, దీపాలకీ మెషీనుకీ కరెంటిచ్చే పవర్ బోర్డు... గోడలోకి వెళ్లిన ప్లగ్గు...

"మూడు... రెండు..."

కాలితో లాగి తన్నింది.

దీపాలు పోయాయి. గదిలో చిమ్మచీకటి. కానీ హెడ్‌ఫోన్‌లో మీటింగు ఇంకా నడుస్తూనే ఉంది. వెనకబడిన సెకన్లలో మగవాళ్లు ఇంకా లెక్కపెడుతూనే ఉన్నారు. ఆ లెక్క మధ్యలోంచి...

"స్విచ్ వేయకండి... అది నాది."

"కాలు చూసుకోవద్దటమ్మా!" అరిచాడు విశ్వనాథంగారు.

"కెపాసిటర్ తిరగేశారు," అంది అనిత.

కేశవరావు ఫోన్ వెలుగులో వంగి చూశాడు. "నిజమేనండోయ్! నీకెలా తెలిసింది అనితా?"

"ఆ గొంతు చెప్పింది."

అందరూ నవ్వారు. "చచ్చినా సేవ మానలేదు పద్మగారు," అన్నాడెవరో.

ఇంటికొచ్చి అనిత తన కంప్యూటర్లో ఆ వీడియో వెతకబోతే, చానెల్ అకౌంటు కోడ్ అడిగింది. కోడ్ వెళ్లే నంబరు ఎవరూ మార్చలేదు. అదెవరిదో పాత సభ్యుల జాబితా తీసి చూసింది. పద్మగారిది.

పోయినావిడ నంబరు. అయినా డయల్ చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. తర్వాత...

"కోడ్ కావాలా అమ్మా?"

 "పద్మగారూ... మీరు..."

"స్కార్‌బరోలో ఉన్నా. కూతురి దగ్గర. ఏం, చంపేశారా నన్ను?" పెద్దగా నవ్విందావిడ. "మానేసి రెండేళ్లయింది. ఎందుకు రావట్లేదని ఒక్కడూ ఫోన్ చేయలేదు. పోయిందనుకుంటే పని సులువు కదా!"

"మరి ఆ గొంతు..."

"పాత వీడియోల్లోది నాదే. కెమెరా వెనక నుంచి ప్రశ్నలడిగేదాన్ని. మైకు నా పక్కనే ఉండేదిగా. ఇవాళ లైవ్‌లో నేనూ విన్నా, మాట్లాడింది నేను కాదు తల్లీ. కార్డులో విను."

అనిత రెండో కెమెరా కార్డు పెట్టింది.

టక్‌మని చప్పుడు. పంటికి గొంతు బిళ్ల తగిలిన చప్పుడు. ఆ వెంటనే, జలుబుతో బొంగురుపోయిన తన గొంతు.

రెండుసార్లు అంది. ఎవరూ తల తిప్పకపోయేసరికి, తను మాట్లాడినట్టు తనకే తెలియలేదు.

"ఏమ్మా... ఎవరూ వినలేదా?" అడిగింది పద్మగారు.

అనిత వీడియోను ముందుకి జరిపింది. తెరమీద "స్విచ్ వేయకండి... అది నాది" అన్న చోట, లెక్కపెడుతున్న విశ్వనాథంగారు తలెత్తాడు. సూటిగా ఆ మూలలోకి, ఆమె వైపే చూశాడు.

చిన్నగా నవ్వాడు.

"మూడు..." అన్నాడు.