మొదటి చెయ్యి

2079 నాటి హైదరాబాదులో ఏ ఆఫీసు గడప తొక్కినా ముందు ఒకటే ప్రశ్న: మీరు లేకపోతే ఏమవుతుంది? జవాబు చెప్పేది మనుషులు కాదు, అభావదర్శిని. ఉద్యోగం ఇవ్వాలన్నా, ఉన్నది ఊడబెరకాలన్నా దాని నివేదిక కావలసిందే. పెళ్లిచూపుల్లో కూడా "అబ్బాయి అభావం ఎంత?" అని అడిగి, మరీ తక్కువైతే కాఫీ ఇవ్వకుండానే పంపేసేవాళ్లు.

అభావదర్శిని ఒక రకం సిమ్యులేటర్. ఒక కాలానికి సంబంధించిన వీడియోలు, టిక్కెట్లు, వార్తలు, ఎండావానలు, జనం ఫోన్లలో తిట్టుకున్న తిట్లతో సహా అన్నీ దానికి అందిస్తే, ఆ కాలాన్ని తనలో మళ్లీ నడుపుతుంది. తర్వాత అందులోంచి ఒక్క మనిషిని తీసేసి ఇంకోసారి నడుపుతుంది. ఆ మనిషి ఖాళీని మరొకరు నింపేస్తే అభావం సున్నా. ఎవరూ నింపలేకపోతే ఆ మనిషి నిజంగా గొప్పవాడన్నమాట. ఖాళీ నిండే తీరుకు 'పూరణ' అని పేరు పెట్టింది ఈ యంత్రాన్ని కనిపెట్టిన డాక్టర్ సలోమి.

లోకం ఆ యంత్రాన్ని ఎలా వాడుకున్నా, సలోమి దాన్ని తయారుచేసింది మాత్రం వాళ్ల నాన్న కోసం.

ఆమె తండ్రి దైవసహాయం ఫుట్‌బాల్ రిఫరీ. రిఫరీలుగా మనుషులే ఉన్న కాలం అది. 2041లో దక్కన్ లీగ్ ఫైనల్లో, ఆఖరి నిమిషంలో, సొంత ఊరి జట్టు ఆటగాడి చేతికి బంతి తగలడం చూసి అవతలి జట్టుకు పెనాల్టీ ఇచ్చాడు. అది సరైన తీర్పే. తూర్పు గ్యాలరీలోంచి ఒక రాయి వచ్చి ఆయన కణతకు తగిలింది. చూపు పోయింది. పోనీ, జాలి అయినా మిగిలిందా అంటే అదీ లేదు. 'అమ్ముడుపోయిన రిఫరీ' అన్న పేరు ఆయన వెంట ఇంటిదాకా వచ్చింది. చనిపోయేదాకా ఆయన మళ్లీ వీధి గుమ్మం దాటలేదు. ఎవరైనా తలుపు తడితే, "ఎవరమ్మా, ఆటవాళ్లా?" అని భయంగా అడిగేవాడు. ఆ గొంతు సలోమి చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

సికింద్రాబాదులోని ఫుట్‌బాల్ కీర్తి మందిరంలో ఆటగాళ్లకే కాక, కోచ్‌లు, రిఫరీల్లాంటి ఆట ఆడనివాళ్లకు కూడా ఒక పీఠం ఉంది. దాని కోసం దైవసహాయం పేరు ఎన్నిసార్లు వచ్చినా మందిరం ఎంపిక సంఘం పక్కన పెట్టేసింది. చివరికి సలోమే సంఘంలో సభ్యురాలై ఒక నియమం పెట్టించింది: ఆడనివాళ్ల విషయంలో అభావదర్శిని చెప్పిందాన్నే సంఘం ఆమోదించాలి. ఇష్టాయిష్టాలు పనికిరావు. యంత్రానికి మొహమాటం లేదు కదా, నాన్నకు న్యాయం జరుగుతుందని ఆమె ధీమా. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారని పెద్దలు ఊరికే అనలేదు.

సమావేశం రోజున బయట మండిపోతోంది. చల్లటి గాజు గుమ్మటం కింద ఏడుగురు సభ్యులు అభావదర్శినిని మధ్యలో పెట్టుకుని బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆ సంఘంలో పాత ఆచారం ఒకటుంది. అధ్యక్షుడు కాక, కుట్లు ఊడిన ఒక తోలుబంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. బంతి అధ్యక్షుడి చేతికి తిరిగి వచ్చాకే ఓటు. యంత్రాలు తీర్పులిచ్చే కాలంలోనూ ఆ బంతిని ఎవరూ కాదనలేదు.

మొదట బంతి అందుకున్నది స్వరూప, ఒకప్పటి మిడ్‌ఫీల్డర్. "ఫ్రాన్సిస్ మాస్టర్ లేకుంటే నేనెక్కడున్న? బస్తీల చెప్పుల్లేకుండ ఉరికే పోరిని. కోచ్‌ను మించినోళ్లు ఎవరున్నరు చెప్పుండ్రి?"

"ఫ్రాన్సిస్ గారిని తీసేశాను," అంది యంత్రం మెత్తగా. "అదే ఏడాది ఇంకో కోచ్ మీ బస్తీకి వచ్చాడు. మీరు ఆడారు. అభావం సున్నా."

స్వరూప ముఖం మాడిపోయింది. బంతి మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి.

మోకాళ్లు బాగుచేసిన డాక్టరు, గొంతుతోనే ఆటను చూపించిన వ్యాఖ్యాత, స్టేడియానికి స్థలం ఇచ్చిన పెద్దమనిషి, ఒక్కొక్కరినీ యంత్రం తీసేసింది. ఒక్కొక్కరి ఖాళీ నిండిపోయింది. ఎవరు లేకపోయినా ఆట ఆగలేదు.

బంతి సలోమి చేతికి వచ్చింది. "రిఫరీ దైవసహాయం," అంది.

"తీసేశాను," అంది యంత్రం. "ఆ రోజు ఇంకో రిఫరీ వచ్చాడు. బంతి చేతికి తగలడం అతనూ చూశాడు. పెనాల్టీ ఇచ్చాడు. రాయి అతనికి తగిలింది. అభావం సున్నా."

తండ్రి చూపు, తండ్రి చీకటి, తండ్రి భయం, అన్నీ ఆ ఒక్క సున్నాలో పోయాయి. ఆ చోట ఎవరున్నా సరిపోయేది. అన్యాయం కూడా ఆయన పేరు తెలుసుకుని రాలేదు.

అధ్యక్షుడు ఖుద్దూస్ గొంతు సవరించుకున్నాడు. ఒకప్పుడు గోల్‌కీపరు, దైవసహాయం స్నేహితుడు. గాయపడ్డ మనిషిని తన జెర్సీతో కట్టు కట్టి మైదానం దాటించింది ఆయనే. "బేటీ, దిల్ చిన్నగ చేసుకోకు," అని, యంత్రం వైపు తిరిగాడు. "ఇట్ల పేర్లు చెప్పుకుంట పోతే తెల్లారదు. నువ్వే చెప్పు. ఆడనోళ్లల్ల ఎవరు లేకుంటే మన ఆట లేదు?"

యంత్రం కాసేపు పనిచేసింది.

"తూర్పు గ్యాలరీలో రాయి విసిరిన వ్యక్తి. పేరు తెలియదు. ముఖానికి రుమాలు ఉంది."

ఖుద్దూస్ కుర్చీలోంచి సగం లేచాడు.

"అప్పటికి, ఫైనల్ తప్పిస్తే, స్టేడియాలు ఖాళీగా ఉంటున్నాయి," అని యంత్రం వివరించింది. "రాయి తగిలిన దృశ్యాన్ని దేశమంతా మళ్లీ మళ్లీ చూసింది. మరుసటి మ్యాచికి టిక్కెట్లు దొరకలేదు. జనం మళ్లీ అలాంటిదేదైనా జరుగుతుందేమోనని వచ్చారు. అలా వచ్చినవాళ్లు అలవాటుగా ఉండిపోయారు. ఆ వ్యక్తిని తీసేస్తే లీగు మూతపడింది. మైదానం గోదాము అయింది. ఈ మందిరమూ లేదు."

"అతన్ని తీసేస్తే ఇంకొకడు విసరడా?" సలోమి యంత్రం వైపు వంగింది. "అందరి ఖాళీలూ నిండాయే, వాడి ఖాళీ ఎందుకు నిండదు?"

"కోపం గ్యాలరీ అంతా ఉంది. రాళ్లు కూడా చాలామంది చేతుల్లో ఉన్నాయి. కానీ ప్రతివాడూ మొదటి చెయ్యి లేవడం కోసం చూశాడు. అది లేవకపోతే రాళ్లు అక్కడే పారేసి ఇంటికి వెళ్లిపోయారు."

సలోమి బంతిని గుండెలకు హత్తుకుంది. బంతి తన దగ్గరున్నంతసేపు ఓటు జరగదు. "నేను ఇవ్వను. నియమం నేనే పెట్టాను, నేనే తీసేయమంటున్నాను. నాన్నని మీరంతా ఎరుగుదురు. చాచా, నువ్వే కదా కట్టు కట్టింది! నాన్నకి పీఠం వద్దు, ఏమీ వద్దు. వాడికి మాత్రం ఇవ్వకండి."

ఇవ్వడం తప్పు అని అందరి ముఖాల్లోనూ రాసి ఉంది. ఇస్తే మందిరానికి జనం ఎలా పోటెత్తుతారో కూడా అందరికీ తెలుసు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. స్వరూప తల వంచుకుని బల్ల మీద గీతలు చూస్తోంది.

"బాల్ ఇయ్యి బేటీ," అన్నాడు ఖుద్దూస్.

ఆమె ఇవ్వలేదు.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. బంతి లేకుండానే, మెల్లగా చెయ్యి ఎత్తాడు.

ఆ తర్వాత ఎంతోసేపు పట్టలేదు. స్వరూప ఎత్తింది. మిగతావాళ్లూ ఎత్తారు. సలోమి చేతుల్లో మాత్రం బంతి ఉండిపోయింది.

ఆవిష్కరణ నాడు మందిరం ముందు వరస వీధి చివరిదాకా సాగింది. పీఠం మీద చెయ్యి ఎత్తిన కంచు విగ్రహం. ముఖం తెలియదు కనుక ముఖం ఉండాల్సిన చోట ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో జనం వెనకనుంచి తమ ముఖాలు పెట్టి ఫొటోలు దిగుతున్నారు. ప్రతి ముఖమూ దానికి చక్కగా సరిపోయింది.

పక్కన గాజు పెట్టెలో రాయి ఉంది, పోలీసుల దగ్గర ఇన్నాళ్లూ భద్రంగా ఉన్న అసలు రాయి. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి దాని మీదకు వంగింది.

"ఇదేంటండీ, ఈ నల్లటి మరక?" అంది ఆ అమ్మాయి.

"పాతది కదా, బురద అయ్యుంటుంది," అన్నాడతను. "పద, మన వంతు వచ్చేసింది."

సలోమి వాళ్ల వెనకే నిలబడి ఉంది. గాజు మీద అరచెయ్యి ఆనించింది. మందిరం మూసే గంట మోగేదాకా అక్కడే ఉండి, వెళ్లబోతూ వంగి, గాజుకు దగ్గరగా మెల్లగా చెప్పింది.

"నాన్నా, లోపలికి వచ్చేశావు. భయపడకు. వీళ్లంతా ఆటవాళ్లే."